కాలువకు పైనున్న వెల్దుర్తి

వెల్దుర్తి అనగానే ‘ఎక్కడి వెల్దుర్తి?’ అని అడుగుతారు. కర్నూలు జిల్లాలో ఒకటుంది, మెదక్ వైపు ఇంకోటుంది. నేను చెబుతున్నది పల్నాడు వెల్దుర్తి. మాచర్ల దాటి నల్లమల వైపు తిరిగితే వచ్చే మండలం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడేదాకా గుంటూరు జిల్లాలో ఉండేది. కొత్త జిల్లాతో కలెక్టరాఫీసు కాస్త దగ్గరయింది. నీళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

నాగార్జునసాగర్ ఇక్కడికి దూరమేమీ కాదు. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు కుడికాలువకు 1967లో నీళ్లొదిలారు. ఆ కాలువ పల్నాడు, నరసరావుపేటల మీదుగా ప్రకాశం జిల్లా దాకా పచ్చబరిచింది. వెల్దుర్తి మండలంలో చాలా భూమి ఆ కాలువకు ఎగువన ఉన్న మెట్ట. ‘నీళ్లు పల్లానికి పోతయ్యి బాబూ. మేం ఎత్తున పుట్టాం, అదే మా తప్పు’ అన్నాడో పెద్దాయన, చుట్ట వెలిగించుకుంటూ. ఆయన పొలంలో రెండు బోర్లు ఎండిపోయాయట. మూడోది వేయించాలా వద్దా అని ఇంట్లో రోజూ తగువు.

బోరు, వాన... ఈ రెంటి మీదే పత్తి, మిరప. మిరప కోతలకు కర్నూలు వైపు నుంచి కూలీలు పిల్లాపాపలతో దిగుతారు. కళ్లంలో ఎండిన కాయలో తాలు వేరుచేసి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు పంపాలి. ధర బాగుంటే సరే, లేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఎదురుచూడాలి. కౌలు రైతుకు ఆ ఎదురుచూపు కూడా కుదరదు. కౌలు కట్టాలి, పురుగుమందుల కొట్టు బాకీ తీర్చాలి. అందుకే యార్డులో ఆ పూట ఎంత చెబితే అంతకే అమ్ముకుంటాడు.

శిరిగిరిపాడు, ఉప్పలపాడు, గుండ్లపాడు, మండాది లాంటి రైతుల ఊళ్లతో పాటు సుగాలీ తండాలున్నాయి. అడవిని ఆనుకుని చెంచులున్నారు. నల్లమలే వాళ్ల ఇల్లు. తేనె, అడవి సరుకు వాళ్ల పాత సంపాదన. ఇప్పుడు కూలికీ వస్తున్నారు. అదే అడవి పులుల అభయారణ్యం కూడా. నీళ్ల కథ ఇక్కడే చిక్కుపడుతుంది.

కృష్ణ నుంచి నీటిని పైకి ఎత్తిపోసే వరికపూడిశెల పథకం పేరు పల్నాడులో ఎన్ని ఎన్నికల్లో వినిపించిందో లెక్కలేదు. పులుల అడవి గుండా పైపులు వేయాలంటే ఢిల్లీ అనుమతులు కావాలి. ఏళ్లు అలాగే గడిచాయి. చివరికి 2023 నవంబర్ 15న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి మాచర్లలో శంకుస్థాపన చేశారు. తొలి దశ అంచనా 340.26 కోట్లు, ఆయకట్టు 24,900 ఎకరాలు. వెల్దుర్తిలో ఎవరినడిగినా ఈ ఎకరాల లెక్క తడుముకోకుండా చెబుతారు.

1985లో ఎన్టీ రామారావు తాలూకాలు తీసేసి మండలాలు పెట్టినప్పుడు పాలన గడప దగ్గరికొస్తుందన్నారు. కొంత వచ్చింది. సర్టిఫికెట్ కోసం బస్సెక్కి తాలూకా ఆఫీసుకు పోయే బాధ తప్పింది. 2019 నుంచి గ్రామ సచివాలయాలూ వచ్చాయి. కానీ ఎత్తిపోతల సంగతి తేల్చే అధికారం తహసీల్దారుకూ లేదు, మండల పరిషత్తుకూ లేదు. పరిషత్తుకు సొంత రాబడి అంతంతమాత్రం. పై నుంచి వచ్చే గ్రాంట్లే దిక్కు. పైగా 2020లో నామినేషన్లు పడి 2021లో ముగిసిన పరిషత్ ఎన్నికల్లో మాచర్ల నియోజకవర్గంలో చాలా ఎంపీటీసీ స్థానాలకు పోటీయే లేదు. ఓటు అడగడానికి రానివాణ్ని నీళ్ల గురించి ఏమని నిలదీస్తారు?

కెన్యా వాళ్లు 2010లో కొత్త రాజ్యాంగం రాసుకుని దేశాన్ని 47 కౌంటీలు చేశారు. 2013 నుంచి ప్రతి కౌంటీకీ జనం నేరుగా ఎన్నుకునే గవర్నరు. జాతీయ ఆదాయంలో కౌంటీలన్నిటికీ కలిపి కనీసం 15 శాతం ఇవ్వాలని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. అక్కడా కరువు ప్రాంతాలున్నాయి, అక్కడా డబ్బు ఆలస్యంగా వస్తుందన్న గోల ఉంది. కౌంటీ అంటే మన మండలం కంటే చాలా పెద్దది, నిజమే. అయినా మా వాటా ఇదీ అని అడగడానికి వాళ్ల చేతిలో ఒక కాగితముంది.

పెద్దాయనకు ఈ సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ‘పదిహేను శాతమా! మాకు డబ్బులొద్దులే బాబూ, ఆ పైపులు వేయమను’ అన్నాడు. అంతలో మూడో బోరుకి పాయింటు చూసేవాడు కొబ్బరికాయతో గుమ్మంలో నిలబడ్డాడు.