మయామి చూసొచ్చా, కౌలు కాగితం సంగతి కూడా చెప్పాలి

ఇక్కడ పోస్టు పెట్టి నెలన్నర దాటింది. ఫోన్ చేసి "అమెరికా కబుర్లు రాయవేంటి" అని అడిగినోళ్లందరికీ ఒకేసారి రాస్తున్నా. కొంచెం పెద్దగా ఉంటది, తీరిగ్గా చదవండి.

మా అమ్మాయి వాళ్లుండేది ఫ్లోరిడాలో, ఓర్లాండో దగ్గర. అక్కడి నుంచి మయామి కారులో నాలుగు గంటలు. నవంబరు మధ్యలో అల్లుడు మూడు రోజులు సెలవు పెట్టి మమ్మల్నిద్దర్నీ తీసుకెళ్లాడు. నవంబరంటే అమెరికా అంతా చలే అనుకుని మా ఆవిడ రెండు స్వెట్టర్లు, మంకీ క్యాపు సర్దింది. తీరా చూస్తే మన అవనిగడ్డలో ఉన్నట్టే ఉంది. అదే ఉక్క, అదే సముద్రం గాలి, రోడ్డు పక్కన కొబ్బరి చెట్లు. కాకపోతే కాయలెవరూ కోసుకోవడం లేదు. అది చూస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంది.

పొద్దున్నే బీచికి వెళ్లాం. అక్కడ కూడా సముద్రం తూర్పునే, పొద్దు నీళ్లలోంచే పొడుస్తది, మన హంసలదీవిలో లాగానే. నీళ్లు మాత్రం మన దగ్గరలా బురదగా ఉండవు, అడుగున ఇసక కనపడేంత తేటగా ఉన్నాయి. ఒడ్డున ఈతగాళ్లని కాపాడేవాళ్లకి రంగురంగుల చెక్క గూళ్లు కట్టారు. రోడ్డుకి అవతల 1930ల నాటి మేడలు, గులాబీ రంగు, లేత పసుపు, వరసగా అలాగే కాపాడుకుంటున్నారు. అక్కడ బట్టల సంగతి నేను రాయను, మా ఆవిడ కూడా ఈ పేజీ చదువుతది.

క్యూబా నుంచి వచ్చినోళ్ల పేట ఒకటుంది, లిటిల్ హవానా అంటారు. ఇంగ్లీషు కంటే స్పానిష్ ఎక్కువ వినపడతది. నా వయసోళ్లు, ఇంకా పెద్దోళ్లు పార్కులో బల్లల చుట్టూ కూర్చుని డొమినో ఆడుతున్నారు, మన రచ్చబండ దగ్గర పులీమేకా ఆడినట్టే. పక్కనే చెరకు రసం తీసి అమ్ముతున్నారు. కాఫీ మన మందు గ్లాసులో సగమంత కప్పులో ఇచ్చారు, చిక్కగా, తియ్యగా. అది తాగాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది.

మీలో చాలామందికి తెలుసు, రెండేళ్లుగా మా చేను పక్కన రొయ్యల చెరువులు తవ్వారు. నాదీ తమ్ముడిదీ కలిపి ఐదెకరాలు ఒకే చెక్క. అది కూడా చెరువులకి ఇమ్మని, ఎకరానికి ఏడాదికి 50 వేలు కౌలు, మూడేళ్ల కాగితం అని నేను బయల్దేరే ముందు వారం ఒకాయన ఇంటికొచ్చాడు. వరి మీద, మినుము మీద ఖర్చులన్నీ పోను మనకి మిగిలేదెంతో మీకు తెలుసు. తమ్ముడికి ఇవ్వాలనే ఉంది, వాడికి అప్పుంది. మా అమ్మాయి కూడా "ఇచ్చేయ్ నాన్నా, ఇంకెన్నాళ్లు బురదలో తొక్కుతావ్" అంటది. వచ్చాక చెప్తానని విమానం ఎక్కా. ఆ రాత్రి తొమ్మిదింటికి, అంటే మనకి పొద్దున ఏడున్నరకి, తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఆయన అడ్వాన్సు పట్టుకుని కూర్చున్నాడు, ఏం చెప్పమంటావ్?" రేపు చెప్తానన్నా.

మర్నాడు పొద్దున మయామి బీచ్‌లో ఒక వీధిలో నడుస్తున్నాం. ఎండ ఫెళ్లున కాస్తంది, వాన చుక్క లేదు. రోడ్డు మీద మాత్రం చీలమండల దాకా నీళ్లు. కాలవ తూములోంచి బుడబుడమని పైకొస్తున్నాయి. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నా. ఉప్పు. మా ఆవిడ "ఛీ, అదేం పని" అంది. ఆ నెలల్లో పౌర్ణమి, అమావాస్యలకి పోటు బాగా ఎక్కువ వస్తదట, అల్లుడు చెప్పాడు. "మరి ఒడ్డున గోడ కట్టుకోవచ్చుగా బాబూ?" అన్నా. "గోడ కట్టినా ఆగదు మామయ్యగారూ, కింద నుంచి వస్తది" అన్నాడు. ఆ ఊరంతా సున్నపురాయి మీద ఉంది. తేనెపట్టుకి ఉన్నట్టు దానికన్నీ చిల్లులే. అందుకని పెద్ద పంపులు పెట్టి తోడుతున్నారు. కొన్నిచోట్ల రోడ్డు ఎత్తు పెంచేశారు, పాత కొట్లలోకి వెళ్లాలంటే మెట్లు దిగి వెళ్లాలి. అంత డబ్బున్న ఊరండి అది. పక్కనే ఇంకో నలభై అంతస్తుల మేడ లేపుతూనే ఉన్నారు, అది వేరే సంగతి.

మధ్యాహ్నం నేను పొలాలు చూపించమని పట్టుబట్టా. దక్షిణంగా హోమ్‌స్టెడ్ అని ఉంది, అక్కడంతా వ్యవసాయమే. దారి పొడుగునా కాలవలు. ఒకచోట కాలవకి అడ్డంగా ఇనప తలుపులు కనపడగానే కారు ఆపించా. మన లాకులే! చూడగానే సొంతూరు వచ్చినట్టయింది. కానీ ఇవి పొలాలకి నీళ్లు వదలడానికి కాదు. సముద్రం ఉప్పు కాలవలోకి ఎగదన్నకుండా కట్టినవి. అల్లుడు ఫోన్లో చదివి తెలుగులో చెప్పాడు. వందేళ్ల కిందట అక్కడి చిత్తడి నేలల్ని ఎండగట్టడానికి ఈ కాలవలు తవ్వారట. మంచినీళ్లు సముద్రంలోకి పోయి భూమిలో మట్టం పడిపోయింది. ఆ ఖాళీలోకి ఉప్పునీళ్లు దూరాయి. ఊరి తాగునీటి బావులు ఉప్పెక్కిపోతే వదిలేసి, లోపలికి వెళ్లి వేరే బావులు తవ్వుకున్నారు. 1940ల నుంచి ఈ తలుపులు కట్టడం మొదలెట్టారు. లోపలి వైపు మంచినీటిని సముద్రం కంటే ఎత్తులో నిలబెడతారు. ఆ బరువుతోనే ఉప్పుని అవతలే ఆపుతారు.

అక్కడ గట్టు మీద చాలాసేపు నిలబడిపోయా. వాళ్లు మంచినీళ్లు ఎత్తులో పెట్టి ఉప్పుని తోస్తున్నారు. మన దగ్గర చెరువు గట్లు లేపి ఉప్పునీళ్లు ఎత్తులో పెట్టుకున్నాం, పల్లంలో వరి ఉంది. పోయినేడు మా గట్టు వారన పది సెంట్లు తెల్లగా చౌడు తేలింది ఎందుకో నాకు అక్కడ అర్థమైంది.

హోమ్‌స్టెడ్ నేల చూస్తే మనోళ్లు నవ్వుతారు. మట్టి లేదు, రాయే. యంత్రాలతో ఆ రాయిని పిండి కొట్టి అందులో బెండ, చిక్కుడు, అవకాడో పండిస్తున్నారు. వాళ్లకి కూరగాయల కాలం చలికాలమే. రోడ్డు పక్కన ఒక పళ్ల కొట్టుంది, పేరు 'రాబర్ట్ ఈజ్ హియర్', అంటే రాబర్ట్ ఇక్కడున్నాడు అని. 1959లో వాళ్ల నాన్న ఆరేళ్ల పిల్లోణ్ణి దోసకాయలిచ్చి అక్కడ కూర్చోబెడితే ఒక్క కారూ ఆగలేదట. మర్నాడు ఆ పేరు పెద్దక్షరాలతో రాసి పెడితే మధ్యాహ్నానికల్లా అన్నీ అమ్ముడుపోయాయి. ఆ కొట్టే ఇప్పటికీ నడుస్తోంది. మనం కూడా బోర్డు పెట్టుకోవాలేమో. లక్ష్మణఫలం జ్యూసు తాగా, బాగుంది. రేటు చెప్తే మీకు కోపం వస్తది.

ఆ ఊరిని 1992 ఆగస్టు 24న ఆండ్రూ తుఫాను నేలమట్టం చేసిందట. ముందే చెప్పి లక్షలమందిని తరలించారు, పోయినోళ్లు పదుల్లోనే. మన 1977 నవంబరు 19 గుర్తొచ్చింది. నాకప్పుడు ఆరేళ్లు. నాన్న నన్ను నడుముకి కట్టుకుని తాడెక్కాడు. నాయనమ్మ దొరకలేదు. మన దివిసీమలో పోయినోళ్ల లెక్క వేలల్లో. ఉప్పెన తీసాక చేలో ఉప్పు మిగిలింది. కాలవ నీళ్లు పెట్టడం, నిలవగట్టడం, వదిలేయడం, మళ్లీ పెట్టడం, అలా మూడేళ్లు కడిగితే గానీ వరి నిలబడలేదని నాన్న చెప్పేవాడు. ఆ ఐదెకరాలే ఇవి.

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి, నా వాటా ఇవ్వనని చెప్పా. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీకు అమ్మాయి ఉంది అన్నయ్యా, నాకెవరున్నారు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. చెరువులకి ఇచ్చినోళ్లని నేను తప్పు పట్టను, ఆ 50 వేలు ఎవరికి చేదు. కానీ వాడి సగం చెరువైతే నా సగం వరి ఎన్నేళ్లుంటదో మీరే చెప్పండి.

కోతలకి వచ్చేశా. ఆ పది సెంట్ల మట్టి, చేను మధ్యలో మట్టి, రెండూ విడివిడిగా పరీక్షకి ఇచ్చా. ఆదివారం తమ్ముడు చేలోకి వస్తానన్నాడు. చెరువుల పక్కన వరి వేస్తున్నోళ్లు మీ చేల సంగతి కింద రాయండి, వాడికి చూపిస్తా. ఈసీ ఎంతొచ్చిందో కాగితం రాగానే పెడతా.