నల్లరేగడిలో తెల్లని గడ్డలు

కామారెడ్డి జిల్లాలో పడమటి అంచున డోంగ్లి అనే ఊరు ఉన్నది. 2022 దాకా ఇది మద్నూరు మండలంలో ఉండేది. ఆ తరువాత ఇదే ఒక మండలమయింది. మహారాష్ట్ర, కర్ణాటక రెండూ దగ్గరే కావటంచేత ఈ చుట్టుపక్కల సంతల్లో తెలుగూ, మరాఠీ, కన్నడమూ మూడూ వినపడతాయి.

ఇక్కడిది నల్లరేగడి నేల. వానాకాలంలో చేలో అడుగు వేశారంటే చెప్పు మట్టిలోనే ఉండిపోతుంది. ఎండాకాలంలో అదే నేల పాదం దూరేటంత నెర్రెలు విచ్చుతుంది. రైతులు పత్తి, సోయా, కంది పండిస్తారు.

మీరు అటు వెళితే, కొత్తగా తవ్విన బావి గట్టుమీది మట్టిని పరీక్షగా చూడండి. నల్లమట్టి మధ్య తెల్లని గడ్డలు కనిపిస్తాయి. ఒకదానిమీద నిమ్మరసం పిండితే బుసబుసమని నురుగు వస్తుంది. అది సున్నం!

నల్లమట్టిలోకి సున్నం ఎలా వచ్చింది? సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట ఈ దక్కను మీద లావా పారి, గడ్డకట్టి నల్లరాయి అయింది. ఆ రాయి చివికి ఈ మట్టి అయింది. రాతిలోని సున్నపు ధాతువును వాననీరు కరిగించుకుని లోపలికి దిగుతుంది. కాని ఇక్కడ వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీరు అడుగుదాకా పోకముందే ఆరిపోతుంది. సున్నం మధ్యలోనే గడ్డకడుతుంది. అలా గడ్డకట్టిన కొద్దీ మట్టిలో చౌడు పెరుగుతుంది. చౌడుపట్టిన మట్టి బిగుసుకుపోయి, నీటిని లోపలికి దిగనివ్వదు.

దీనికి విరుగుడు చెట్టు దగ్గర ఉన్నది. చెట్ల వేళ్ళు కూడా మనలాగే ఊపిరి విడుస్తాయి. అందులోని బొగ్గుపులుసు వాయువు మట్టిలోని నీటిలో కలిసి, నీటికి కొంచెం పులుపు వస్తుంది. ఆ నీరు సున్నపు గడ్డలను మెల్లగా కరిగిస్తుంది. కరిగిన సున్నం చౌడును విడగొడితే, వాననీరు దాన్ని కిందికి తీసుకుపోతుంది. రాలిన ఆకులు కుళ్ళి మట్టిని గుల్ల చేస్తాయి. ఇది ఒక్క ఏడాదిలో జరిగే పని కాదు సుమా!

ఈ పులుపునీరే సున్నపురాయి కొండల్లో గుహలు తొలుస్తుంది. అనంతగిరి కొండల్లోని బొర్రా గుహలు అలా ఏర్పడినవే. అయితే అలాంటి కొండలమీద మట్టి బహు పలుచన. సున్నపురాయి దాదాపు అంతా నీళ్ళలో కరిగిపోతుంది గనక, అంగుళం మట్టి మిగలటానికి వేల ఏళ్ళు పడుతుంది. చైనాలో గుయ్‌ఝౌ అనే చోట వాలుల మీద మొక్కజొన్న వేసీవేసీ, మట్టి కొట్టుకుపోయి, బోడిరాళ్ళు తేలాయి. అక్కడ నాటిన చెట్లలో అక్రోటు కూడా ఒకటి. దాని వేళ్ళు రాతి పగుళ్ళలోకి దిగి మట్టిని పట్టి ఉంచుతాయి. కాని చెట్ల కింద గడ్డి లేకుండా దున్నిపెడితే వాన మళ్ళీ మట్టిని ఊడ్చుకుపోతుంది. పైగా అక్రోటు కింద టమాటా మొక్క వాడిపోతుంది. ఆ చెట్టులో ఉండే ఒక పదార్థం దానికి గిట్టదు.

అక్రోటుకు చలికాలం గట్టిగా ఉండాలి గనక అది డోంగ్లికి పనికిరాదు. ఇక్కడిది నల్లతుమ్మ. దాని వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. “తుమ్మ నీడలో పంట పలచబడుతుంది, ముళ్ళు గుచ్చుకుంటాయి,” అంటారు రైతులు. వాళ్ళు అనేది అబద్ధం కాదు. అందుకే దాన్ని చేను మధ్య గాక, గట్లమీదా వాగుల ఒడ్డునా ఉంచటం మంచిది.

గట్టు బోడిగా ఉంటే మట్టి ఎక్కడికి పోతుందంటారా? వాగుల వెంట మంజీరకు, కందకుర్తి వద్ద గోదావరికి, అక్కడినుంచి శ్రీరాంసాగరుకు. 1963లో శంకుస్థాపన జరిగిన ఆ జలాశయం మొదట 112 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు చాలా తగ్గింది.

ఈసారి పెద్ద వాన వెలియగానే రెండు గాజుసీసాలు తీసుకుని పెద్దవాళ్ళతో చేలవైపు వెళ్ళండి. చెట్లూ గడ్డీ ఉన్న గట్టు కింది నీరు ఒకదానిలో, బోడిగట్టు కింది నీరు రెండోదానిలో పట్టి, కదపకుండా ఉంచండి. మర్నాడు అడుగున దిగిన మట్టిని స్కేలు పెట్టి కొలవండి.