అందలం ఎక్కని వాడి రికార్డు

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అనగానే మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్, ఆర్సెనల్ గుర్తొస్తాయి. బాబీ చార్ల్‌టన్, బెక్‌హామ్ లాంటి పేర్లు నోట్లో నానుతుంటాయి. మరి గోల్‌కీపర్లను పక్కనపెడితే, ఇంగ్లిష్ లీగ్ చరిత్రలో అందరికంటే ఎక్కువ మ్యాచ్‌లు ఆడిందెవరు? చార్ల్‌టన్ కాదు, బెక్‌హామ్ అంతకన్నా కాదు. అతని పేరు టోనీ ఫోర్డ్. ఎప్పుడూ వినలేదంటారా? ఆశ్చర్యం లేదు. అతనాడిన లీగ్ మ్యాచ్‌లు 931. వాటిలో అగ్రశ్రేణి డివిజన్‌లో ఆడింది... ఒక్కటీ లేదు!

ఇంగ్లండ్‌లో లీగ్ అంటే నాలుగు మెట్ల నిచ్చెన. దాని మీద 92 క్లబ్బులు ఉంటాయి. బాగా ఆడితే పై మెట్టు, ఓడితే కింది మెట్టు. టీవీలో ప్రపంచమంతా చూసేది పై మెట్టుని మాత్రమే. దానికే 1992 నుంచి ప్రీమియర్ లీగ్ అని పేరు. కింది మూడు మెట్ల మీదా ఏటా ఆగస్టు నుంచి మే దాకా ఎండా వానా మంచూ లెక్కచేయకుండా ఆట నడుస్తూనే ఉంటుంది. అక్కడ ఆడేవాళ్లకి మేడలుండవు, పత్రికల్లో బొమ్మలుండవు. ఏడాదికో రెండేళ్లకో ఒప్పందం. సీజన్ ముగిశాక ఎవరిని ఉంచుకుంటారో, ఎవరిని పంపేస్తారో క్లబ్బు చెబుతుంది. టోనీ ఫోర్డ్ బతుకంతా ఆ మూడు మెట్ల మీదే గడిచింది.

చేపల రేవు కుర్రాడు

ఫోర్డ్ పుట్టింది 1959 మే 14న, గ్రిమ్స్‌బీలో. ఇంగ్లండ్ తూర్పు తీరంలో ఉన్న చేపల రేవు అది. ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్ద రేవుల్లో ఒకటి. అక్కడి జట్టుకి ముద్దుపేరు కూడా ‘మెరైనర్స్’... అంటే నావికులు. 1975 అక్టోబరు 4న వాల్సాల్‌తో జరిగిన మ్యాచ్‌లో ఫోర్డ్ తొలిసారి గ్రిమ్స్‌బీ చొక్కా తొడుక్కుని మైదానంలో దిగాడు. అప్పటికి అతని వయసు 16 సంవత్సరాల 143 రోజులు. గ్రిమ్స్‌బీ తరఫున అంత చిన్న వయసులో అంతకుముందు ఎవరూ లీగ్‌లో ఆడలేదు.

ఆ రోజులు వేరు. జట్టుకి ఒకే ఒక్క సబ్‌స్టిట్యూట్. గెలిస్తే రెండే పాయింట్లు. చలికాలం వచ్చిందంటే మైదానాలు దమ్ము చేసిన మడుల్లా ఉండేవి. నల్లజాతి ఆటగాళ్లకైతే బురదతోపాటు బూతులు కూడా భరించాల్సి వచ్చేది. ప్రేక్షకుల్లోంచి కోతి అరుపులు, అరటిపళ్లు విసరడం మామూలు విషయమే. ఇంగ్లండ్ సీనియర్ జట్టులోకి తొలిసారి ఓ నల్లజాతి ఆటగాణ్ని, వివ్ ఆండర్సన్‌ని, తీసుకున్నది 1978లో. అప్పటికి మూడేళ్ల ముందే మైదానంలోకి వచ్చిన నల్లజాతి కుర్రాడు ఫోర్డ్.

అతనిది కుడివైపు మిడ్‌ఫీల్డ్. అరవచాకిరీ అంటే అదే! జట్టు దాడికి వెళ్లినప్పుడు ముందుకి పరుగెత్తాలి. బంతి చేజారితే అంతే వేగంగా వెనక్కి రావాలి. గోల్ కొట్టినవాడికి చప్పట్లు, ఆపిన గోల్‌కీపర్‌కి చప్పట్లు. మధ్యలో పరుగులు తీసినవాడు మ్యాచ్ అయ్యాక ఎవరికీ గుర్తుండడు. అయినా గ్రిమ్స్‌బీకి అతను అచ్చొచ్చాడు. 1979లో జట్టు నాలుగో డివిజన్ నుంచి మూడుకి, 1980లో మూడో డివిజన్ విజేతగా రెండుకి ఎగబాకింది. వరసగా రెండేళ్లలో రెండు మెట్లు. ఇక మిగిలింది ఒక్కటే!

అందినట్టే అంది...

ఆ ఒక్క మెట్టు దగ్గరే విధి ఆడుకుంది. 1986లో సండర్లండ్ జట్టు అతన్ని కొన్ని వారాలపాటు అరువు తెచ్చుకుంది. పేరున్న క్లబ్బు, పెద్ద మైదానం. కానీ సండర్లండ్ అంతకు ముందు ఏడాదే అగ్రశ్రేణి నుంచి జారిపోయింది. అదే ఏడాది ఫోర్డ్ స్టోక్ సిటీకి మారాడు. అదీ పెద్ద క్లబ్బే. అదీ 1985లోనే కిందికి జారింది. 1989లో వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్‌కి వెళ్లాడు. ఆ జట్టు 1986లో జారింది. మూడు పెద్దిళ్ల గడప తొక్కాడు. మూడు చోట్లా పండగ అయిపోయిన తర్వాతే!

అయినా అతని ఆటని గుర్తించనివాళ్లు లేకపోలేదు. 1989లో ఇంగ్లండ్ ‘బి’ జట్టు తరఫున రెండు మ్యాచ్‌లు ఆడాడు. అసలు జట్టుకి అది పక్క గది. రెండో డివిజన్ ఆటగాడికి ఆ పిలుపు రావడమే గొప్ప. మధ్యలో తలుపు మాత్రం తెరుచుకోలేదు. 1991లో ఆల్బియన్ చరిత్రలోనే మొదటిసారి మూడో డివిజన్‌కి పడిపోయింది. ఫోర్డ్ అదే ఏడాది పుట్టింటికి, అంటే గ్రిమ్స్‌బీకి, తిరిగొచ్చాడు. అప్పటికి వయసు 32. ఫుట్‌బాల్లో ఆ వయసంటే సాయంత్రం పడ్డట్టే లెక్క.

నిచ్చెన కిందకి

అక్కణ్నుంచి కథ మెట్లు దిగడమే. కొన్ని వారాలు బ్రాడ్‌ఫర్డ్‌లో అరువు. 1994లో నాలుగో మెట్టు మీదున్న స్కంథార్ప్‌కి. 1996 నాటికి స్కంథార్ప్‌లోనూ ముగిసింది. లెక్క చూస్తే 739 లీగ్ మ్యాచ్‌లు. వయసు 37. ఎవరైనా ఇక చాలనుకునే చోటు. ఫోర్డ్ అనుకోలేదు. బారో అనే ఊరి జట్టులో చేరాడు. ఆ జట్టు లీగ్‌లో లేదు, 1972లోనే చోటు పోగొట్టుకుంది. అంటే నాలుగు మెట్ల నిచ్చెన దిగి నేల మీద నిలబడ్డట్టు. అక్కడ ఆడిన మ్యాచ్‌లు లీగ్ లెక్కలోకి కూడా రావు!

పదహారేళ్లకి ఆడేవాడికి ముందు కల ఉంటుంది. ముప్ఫై ఏడేళ్లకి, లెక్కకి రాని మైదానంలో ఆడేవాడికి ఏముంటుంది? ఇంగ్లండ్ జట్టు పిలవదు. పెద్ద క్లబ్బు కన్నెత్తి చూడదు. జీతమా, గొప్పగా ఉండదు. ఆశలన్నీ తీసేస్తే మిగిలేది ఆటొక్కటే. దానికోసమే పొద్దున్నే లేచి, నొప్పెట్టే మోకాళ్లతో పరుగుకి వెళ్లగలిగితే... అదే అతని కొలత.

అదే ఏడాది మాన్స్‌ఫీల్డ్ టౌన్ అతన్ని మళ్లీ లీగ్‌లోకి తీసుకుంది. అక్కడ 103 మ్యాచ్‌లు ఆడాడు. 1998-99 సీజన్‌లో టెర్రీ పైన్ రికార్డు బద్దలైంది. ఆ పైన్ ఎవరనుకున్నారు? 1966లో ప్రపంచకప్ గెలిచిన ఇంగ్లండ్ బృందంలో ఒకడు. సౌతాంప్టన్, హియర్‌ఫర్డ్ జట్లకి కలిపి 824 లీగ్ మ్యాచ్‌లు ఆడినవాడు. ప్రపంచకప్ పతకధారి పేరు మీదున్న రికార్డుని ఒక్కసారీ అగ్రశ్రేణిలో ఆడని మనిషి దాటేశాడు. 37 ఏళ్లకి ఆగిపోయి ఉంటే పైన్‌కి 85 మ్యాచ్‌ల దూరంలో ఉండిపోయేవాడు.

అంతటితో ఆగలేదు. 1999లో మాన్స్‌ఫీల్డ్ మేనేజర్ స్టీవ్ పార్కిన్ రాచ్‌డేల్‌కి వెళ్తుంటే, సహాయకుడిగా ఫోర్డ్ కూడా వెళ్లాడు. సహాయకుడంటే కుర్చీలో కూర్చోలేదు. కుడివైపు రక్షణలో తనే నిలబడ్డాడు. నలభై దాటాక 89 లీగ్ మ్యాచ్‌లు ఆడాడు! తన కొడుకుల వయసు కుర్రాళ్లతో సమానంగా పరుగెత్తాడు. 2001లో, 42 ఏళ్లకి ఆట ముగించేనాటికి లెక్క 931 మ్యాచ్‌లు, 108 గోల్స్. కింది డివిజన్లలో సీజన్‌కి 46 మ్యాచ్‌లు. ఒక్కటీ వదలకుండా ఆడినా ఆ సంఖ్యని చేరడానికి ఇరవై ఏళ్లు పైనే పడుతుంది. అతనికన్నా ముందున్నది 1,005 మ్యాచ్‌ల పీటర్ షిల్టన్ ఒక్కడే. ఆయన గోల్‌కీపర్, మైదానమంతా పరుగెత్తాల్సిన పని లేనివాడు.

పని మానని మనిషి

ఫోర్డ్ ఆడిన ఊళ్లన్నీ ఓసారి వరసగా చూడండి. గ్రిమ్స్‌బీది చేపల పని. సండర్లండ్, బారోలది ఓడల పని. స్టోక్‌ది పింగాణీ, బ్రాడ్‌ఫర్డ్‌ది ఉన్ని, స్కంథార్ప్‌ది ఉక్కు, మాన్స్‌ఫీల్డ్‌ది బొగ్గు, రాచ్‌డేల్‌ది నూలు. అన్నీ ఒళ్లొంచి పనిచేసిన ఊళ్లే. అతనాడిన పాతికేళ్లలోనే వాటిలో చాలా ఊళ్ల పని పోయింది. 1976లో ఐస్‌లాండ్‌తో వివాదం ముగిశాక గ్రిమ్స్‌బీ పడవలకి దూరపు సముద్రం దక్కలేదు. 1984-85 సమ్మె ఓడిపోయాక బొగ్గు గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1988లో సండర్లండ్ ఓడల కర్మాగారాలు ఆగిపోయాయి. సైరన్లు మోగని ఊళ్లలో జనం కలిసే చోటు ఒక్కటి మిగిలింది... శనివారం మధ్యాహ్నం మూడు గంటలకి ఫుట్‌బాల్ మైదానం. అక్కడ గెలుపు ఖాయమని ఎవరూ అనుకోరు. జట్టు దిగితే చాలు. ఆ జట్టులో రోజూ డ్యూటీకొచ్చే కార్మికుడిలా ఫోర్డ్ కనిపించేవాడు.

బ్రిటన్ ప్రభుత్వం అతని సేవలకి గుర్తుగా ఎంబీఈ బిరుదిచ్చింది. ఎవరూ పట్టించుకోని మెట్ల మీద ఆడినవాడికి రాచమర్యాద దక్కింది. అతని 931 మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

పిల్లలకి కథలు చెప్పేటప్పుడు శిఖరం ఎక్కినవాళ్ల గురించే చెబుతాం. శిఖరం మీద చోటు చాలా తక్కువ. ఎక్కువమంది బతుకు మధ్య మెట్ల మీదే గడుస్తుంది. ఆఫీసులో ప్రమోషన్ రాని గుమాస్తా, ముప్ఫై ఏళ్లుగా అదే బడిలో పాఠం చెప్పే మాస్టారు, తెల్లారకముందే మొదటి బస్సు తీసే డ్రైవరు... పై మెట్టు దక్కలేదని వాళ్ల పనికి విలువ లేకపోతుందా? రేపు కూడా పనికి రావడం, వచ్చిన రోజు మనసు పెట్టి చేయడం... ఆ లెక్క ఎవరో ఒకరు రాస్తూ కూర్చుంటే, టోనీ ఫోర్డ్ లాంటి రికార్డులు ప్రతి వీధిలోనూ ఒకటి దొరుకుతుంది.