ఎర్రరాళ్ల మీద బొమ్మకారు

మోయబ్ అనే వూరు అమెరికాలో, యూటా రాష్ట్రంలో, కొలరాడో నది వొడ్డున వున్నది. సాల్ట్‌లేక్ సిటీలో వున్న మా అమ్మాయి యింటి నుంచి కారులో నాలుగు గంటల ప్రయాణం. యెటు చూచినా పారాణి రంగు బండలే! ఈ రాతిని అక్కడివాళ్లు 'స్లిక్‌రాక్' అంటారు, అంటే జారుడుబండ. పూర్వం గుర్రాల యినుపనాడాలు దీనిమీద జారేవట. రబ్బరు మాత్రం వుడుంపట్టు పడుతుంది. అందుకే జీపులవాళ్లకు యిది తీర్థం.

మేము వెళ్లింది జీపుకోసం కాదు. పన్నెండేళ్ల మా మనవడికి రేడియోతో నడిచే బొమ్మకారు వున్నది. అసలు కారులో పదోవంతు. (బొమ్మ అంటే వాడికి కోపం!) దాన్ని బండల మీదికి నత్తలా యెక్కించడమే పందెం. జంటగా పెట్టిన గుర్తుల మధ్యనుంచి బండి దాటాలి. గుర్తుకు తగిలినా తప్పే, వెనక్కి నడిపినా తప్పే. తప్పులు తక్కువైనవాడిదే గెలుపు.

ముందుగా టైర్ల కొలత. సోర్కా అనే సంఘం నిబంధనల ప్రకారం మొదటి తరగతి బండి టైరు యెత్తు 4.19 అంగుళాలు దాటకూడదు. రెండో తరగతికి 4.75. మావాడు చిల్లర దాచుకొని కొన్న కొత్త టైర్లమీద 1.9 అని వున్నది. తీరా చూస్తే అది లోపలి చక్రం కొలత! రెండు తరగతులకూ ఆ అంకె వుంటుంది. టైర్లు కొలతకు మించినై.

"అరంగుళానికి యింత రాద్ధాంతమా? పసివాడు, పోనివ్వండి" అన్నాను. మా అమ్మాయి తల దించుకున్నది. మనవడు నన్ను పక్కకు లాగాడు.

"పెద్ద టైరైతే కారు పొట్ట రాతికి తగలదు తాతయ్యా. అప్పుడు అందరూ పెద్దవే కొంటారు."

సంచిలోంచి అరిగిన పాత టైర్లు తీసి బిగించుకున్నాడు. చివరి బండ అంచు దాకా చక్కగా వెళ్లాడు. అక్కడ పొట్ట తగిలి బండి ఆగిపోయింది. టైరు యెత్తు తేడాలో సగం, అంటే యేడు మిల్లీమీటర్లు, యిరుసు పైకి లేచివుంటే దాటిపోయేదే! నాకు మళ్లీ వొళ్లు మండింది.

తరువాత ఒక అమ్మాయి వచ్చింది. ఆమెవీ 4.19 లోపు టైర్లే. నేరుగా పోలేదు, పక్కనున్న సన్నని పగులులో ఒక చక్రం ఆనించి, యేటవాలుగా యెక్కించేసింది.

పందెం ముగిసి అందరూ వెళ్లిపోతున్నా, మావాడు ఆ పగులు దగ్గర గొంతుక్కూర్చుని, వేలితో కొలుస్తూనే వున్నాడు. అన్నానికి మూడుసార్లు పిలిచాము.