నాలుక పెగలని జాకీ

కుర్చీ కాస్త ఇటు లాక్కోండి, పొగ మీ వైపే వస్తోంది. టెక్సాస్‌లో ఇలా నెగడు వేసుకుని కూర్చునే యోగం అన్నిసార్లూ పట్టదు. గడ్డి ఎండిందంటే చాలు, కౌంటీవాళ్ళు మంటలు పెట్టొద్దని ఆంక్ష పెట్టేస్తారు. అప్పుడు నెగడు చుట్టూ వేసిన కుర్చీల్లో బూడిద చూస్తూ కూర్చోవడమే. ఇవాళ ఆ బెడద లేదు గనక, తీరిగ్గా ఒక కథ చెప్తాను. అదిగో, మా ట్రైలర్ ముందు నెత్తిన నల్ల ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని ఒంటికాలి మీద నిలబడిందే, దాని కథ.

దాన్ని ఇక్కడివాళ్ళు టంగ్ జాక్ అంటారు. ట్రైలర్ ముందు రెండు ఇనప దూలాలు వచ్చి మొనలా కలుస్తాయి కదా, ఆ భాగం పేరు టంగ్, అంటే నాలుక. మా తాతయ్య చూసి ఉంటే నాలుకా గీలుకా అనేవాడు కాదు, నొగలు అనేవాడు. ఎడ్లను విప్పాక బండి ముందుకు వాలిపోకుండా కాడి కింద ఒక కర్ర ఆనించేవాళ్ళు, గుర్తుందా? ఆ కర్రకే మోటారు పెడితే ఈ జాకీ. లోపల ఓ చిన్న పన్నెండు వోల్టుల మోటారు, కొన్ని పళ్ళ చక్రాలు, ఓ పొడుగాటి మరసీల. మోటారు ఒకవైపు తిరిగితే గొట్టంలోంచి కాలు కిందికి దిగుతుంది, రెండోవైపు తిరిగితే పైకి పోతుంది. అంతకు మించి అందులో బ్రహ్మవిద్యేం లేదు.

బరువు మాత్రం తక్కువేం కాదు. ట్రైలర్ మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు ఆ నాలుక మీద ఉండాలి. అంతకన్నా తగ్గితే హైవే మీద బండి తోక ఊపడం మొదలుపెడుతుంది, డ్రైవరు ప్రాణాలు గుప్పిట్లోకి వస్తాయి. మాది సరంజామాతో కలిపి 6000 పౌండ్లు. అంటే నాలుక మీద 600 నుంచి 900 పౌండ్లు, మన లెక్కలో 270 నుంచి 400 కిలోలు. మా ఊరి బండికైతే ఓ పాలేరు భుజం పట్టి ఎత్తేవాడు. దీన్ని ఎత్తడానికి మా వీధిలోని మగవాళ్ళందరూ రావాలి.

రెండేళ్ళ కిందట అమరిల్లో దగ్గర పాలో డ్యూరో కాన్యన్‌కి వెళ్ళాం. లోయలోకి దిగే రోడ్డు పది శాతం వాలు. 1930ల్లో సివిలియన్ కన్జర్వేషన్ కోర్ కుర్రాళ్ళు వేసిన దారి అది. ట్రైలర్ వెనకనుంచి తోస్తుంటే బ్రేకు మీద కాలు పెట్టి ఎన్ని దండకాలు చదివానో నాకే తెలియదు. లోపల మాత్రం ఎర్రమట్టి గోడల మధ్య మూడు రోజులు హాయిగా గడిచాయి. ఆదివారం పన్నెండింటికల్లా స్థలం ఖాళీ చెయ్యాలి. పదకొండుంబావుకి చక్రాలకి అటూ ఇటూ అడ్డుదిమ్మెలు పెట్టి, కరెంటు తీగ చుట్టేసి, జాకీ మీట నొక్కాను. మొన లేస్తే, కారు వెనక్కి తెచ్చి, దాని వెనకున్న ఇనప గుండు మీద దించడమే మిగిలిన పని.

టక్‌మంది. అంతే. మళ్ళీ నొక్కాను. మళ్ళీ టక్. నాలుక పెగల్లేదు.

నా మొదటి ఆలోచన ఏంటో చెప్తే నవ్వుతారు. మోటారు కాలిపోయింది, కొన్ని వందల డాలర్లు వదిలాయి అనుకున్నాను. మగవాడి బుర్ర ఎప్పుడూ అన్నిటికన్నా ఖరీదైన భాగం మీదికే పోతుంది, ఎందుకో! రెండో ఆలోచన చేతిపిడి. ఈ జాకీలకి టోపీ మీద ఓ రబ్బరు బిరడా ఉంటుంది. దాన్ని తీసి పిడి పెట్టి చేత్తో తిప్పుకోవచ్చు. చెమటలు కక్కాలి గానీ పని జరుగుతుంది. ఆ పిడి డాలస్‌లో, మా గరాజ్ గోడకి, మేకుకి చక్కగా తగిలించి ఉంది. పోకుండా ఉంటుందని నేనే తగిలించాను.

ఫ్యూజు చూశాను. బ్యాటరీ దగ్గర ఎర్ర తీగ మధ్యలో చిన్న డబ్బాలో 30 ఆంపియర్లది ఉంటుంది. నిక్షేపంగా ఉంది. ఒక మాట, ఈ ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పెద్దది పెట్టకండి. మా ఊళ్ళో ఫ్యూజు తీగ బదులు రాగి తీగ చుట్టి, ఇక పోదులే అని మురిసిపోయేవాళ్ళు. నిజమే, ఫ్యూజు పోయేది కాదు, మోటారు పోయేది.

ఇంతలో మా ఆవిడ మెట్లు దిగి వచ్చింది. ఒక చేతిలో అడుగంటిన ఉప్మా మూకుడు, ఇంకో చేతిలో స్టీలు పీచు. కాసేపు చూసి, "ఏమండీ, మీరు నొక్కినప్పుడల్లా ఆ లైటు ఆరిపోతోంది" అంది. జాకీ టోపీకి చీకట్లో వాడుకోవడానికి ఓ చిన్న ఎల్ఈడీ దీపం ఉంటుంది. "లైటు సంగతి తర్వాత చూద్దాంలే" అన్నాను. "మా పొలంలో మోటారు వేస్తే షెడ్డులో బల్బు ఇలాగే గుడ్డిదయ్యేదిగా" అంది, పీచుతో మూకుడు గీకుతూనే.

అప్పుడు వెలిగింది నాకు, ఆ లైటు కాదు.

దీపం మామూలుగా బ్రహ్మాండంగా వెలుగుతోందంటే బ్యాటరీ నుంచి కరెంటు వస్తోంది. మోటారు అడగ్గానే ఆరిపోతోందంటే దారిలో ఎక్కడో గొంతు పూడుకుపోయింది. లెక్క చూడండి. ఎక్కడో ఒక అతుకు దగ్గర అర ఓము నిరోధం ఉందనుకుందాం. దీపం తాగేది ఆంపియర్లో పదో వంతు, అతుకు దగ్గర పోయేది 0.05 వోల్టు, దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మోటారు 14 ఆంపియర్లు లాగితే అక్కడే ఏడు వోల్టులు హరీమంటాయి. పన్నెండులో ఏడు పోతే ఐదు. ఐదు వోల్టులతో 700 పౌండ్లు ఎత్తమంటే ఏ మోటారు మాత్రం ఏం చేస్తుంది? టక్‌మంటుంది. అందుకే మీట వదిలేసి మీటరు పెట్టి "పన్నెండున్నర ఉంది, అంతా బాగానే ఉంది" అనుకోవడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. మీట నొక్కి ఉంచి చూడాలి.

ఆవిడని మీట నొక్కమని మీటరు పట్టుకున్నాను. జాకీకి వచ్చే తీగకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య 12.3. రావలసింది వస్తోంది. తరవాత ఒక ముల్లు జాకీ ఒంటికి ఆనించి, రెండోది బ్యాటరీ నెగటివ్ మీద పెట్టాను. ఆ రెండిటి మధ్య దాదాపు సున్నా చూపించాలి, అర వోల్టు దాటితే అనుమానించాలి. ఏడు చూపించింది. దొంగ దొరికాడు. వెళ్ళే దారిలో కాదు, తిరిగొచ్చే దారిలో.

ఇక్కడ మన భాషలో చిన్న తిరకాసు ఉంది. ఇక్కడివాళ్ళు దీన్ని గ్రౌండ్ అంటారు, మనం ఎర్త్ అంటాం. ఎర్త్ అనగానే నాకు మా ఇంటి వెనక గొయ్యి, అందులో పోసిన బొగ్గులు, ఉప్పు, వేసవిలో నాయనమ్మ దాంట్లో పోసే చెంబెడు నీళ్ళు గుర్తొస్తాయి. ట్రైలర్‌కి నేలతో సంబంధమే లేదు, రబ్బరు టైర్ల మీద నిలబడుతుంది. దీని ఎర్త్ అంటే ఆ ఇనప చట్రమే. చాలా జాకీలకి పైనుంచి వచ్చే తీగ ఒక్కటే ఉంటుంది. కరెంటు మోటారులో పని చేసి, జాకీ ఒంట్లోంచి, దాన్ని బిగించిన మూడు బోల్టుల్లోంచి చట్రంలోకి దిగి, బ్యాటరీ నల్ల తీగ పట్టుకుని ఇంటికి చేరాలి. ఆ చట్రానికి ఫ్యాక్టరీలో దట్టంగా రంగు వేస్తారు. రంగు కరెంటుని పోనివ్వదు. కొత్తలో బోల్టు మరల దగ్గర కాస్త ఇనుముకి ఇనుము తగిలి పని జరుగుతుంది. నాలుగు వానాకాలాలు గడిచి తుప్పు పట్టగానే ఆ కాస్తా పోతుంది. మోటారు పాపం ఏ పాపమూ ఎరగదు.

కారులోంచి జంపర్ కేబుళ్ళు తెచ్చాను. నల్లదాని ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండో కొస జాకీ బోల్టు తలకి తగిలించాను. ఎర్రదాన్ని ముట్టుకోలేదు, మీరూ ముట్టుకోవద్దు. ఆవిడ మీట నొక్కింది. గుర్రుమంటూ మొన లేచింది. మూడు రోజులు నిద్రపోయి లేచిన కుంభకర్ణుడిలా ఉంది ఆ చప్పుడు.

ఏ రోగమైనా ఇంతే అనుకోకండి. మోటారు జోరుగా తిరుగుతూ కాలు కదలకపోతే కరెంటుకి సంబంధం లేదు, లోపల పిన్నో పళ్ళో తెగి ఉంటుంది. కాలు పూర్తిగా చివరికంటా దింపేస్తే కొన్ని అక్కడే బిగుసుకుపోతాయి, చేతిపిడితో వెనక్కి తిప్పితే గానీ వదలవు. జాకీ మీద నిలబడి ఉండగా బండి జరిగితే గొట్టమే వంగుతుంది. దానికి వైద్యం లేదు, అందుకే ముందు చక్రాలకి దిమ్మెలు. ఇక టోపీలోకి వాన నీరు దిగితే మీటే పాడవుతుంది. మా స్నేహితుడొకడు వంటింట్లో పిండి డబ్బాకి కప్పినట్టు దానికి ప్లాస్టిక్ సంచీ కట్టి తిరుగుతుంటాడు. నవ్వేవాణ్ణి, ఇప్పుడు నవ్వడం లేదు.

సరే, మొన కారు గుండు మీద కూర్చుంది, గొళ్ళెం పడింది. బుద్ధిమంతుడైతే కేబుల్ కారులో పడేసి బయల్దేరి, ఇంటికొచ్చాక మరమ్మతు చేసుకుంటాడు. నేను ఆగలేకపోయాను. బరువు జాకీ మీద ఉండగా ఆ బోల్టులు ముట్టుకోకూడదు. ఇప్పుడు బరువు కారు మీద ఉంది కదా! బ్యాటరీ నల్ల తీగ విప్పి దూరంగా పెట్టి, బోల్టులు ఒక్కొక్కటే ఊడదీశాను. కింద రంగు గీకాలి. గరుకు కాగితం లేదు. చుట్టూ చూశాను.

"ఆ పీచు ఇలా ఇవ్వు" అన్నాను.

"మూకుడు?"

"ఇంటికెళ్ళాక."

స్టీలు పీచు బ్యాటరీ దగ్గరికి మాత్రం పోనివ్వకండి, దాని రెండు కొసలకీ తగిలిందంటే భగ్గున అంటుకుంటుంది. బోల్టుల చుట్టూ ఇనుము వెండిలా మెరిసేదాకా గీకి, బిగించేసరికి పన్నెండు దాటి ఇరవై నిమిషాలు. మా తరవాత ఆ స్థలం తీసుకున్న దంపతులు అప్పటికే వచ్చి, మర్యాదగా ఇంజను ఆపుకుని ఎదురుచూస్తున్నారు. ఇంటికొచ్చాక పళ్ళ వాషర్లు వేసి, జాకీ ఒంటినుంచి బ్యాటరీదాకా విడిగా ఓ లావు తీగ వేశాను. చేతిపిడి ట్రైలర్‌లో చెంచాల సొరుగులో ఉంటోంది.

పీచు మాత్రం ఆ తుప్పుతో ఎందుకూ పనికిరాకుండా పోయింది. ఉప్మా మూకుడు మాడిన అడుగుతో, ఆవిడ ఒళ్ళో, ముందు సీట్లో, ఏడు గంటల దారీ నా పక్కనే కూర్చుని డాలస్ చేరింది.