ఆగమని చెప్పేదెవరు?

తెలుగువారు ధైర్యాన్ని గుండెలో ఉంచితే, ఉర్దూ కవులు దానిని జిగర్‌లో, అనగా కాలేయంలో ఉంచారు. కన్నబిడ్డను ‘లఖ్తె జిగర్’ అంటారు. కాలేయపు తునక అని అర్థం. రెండు భాషలూ చెవిన పడే కళాశాల విద్యార్థులం గనుక ఈ మాట మేము అనేక పర్యాయాలు విన్నాము. దాని అక్షరార్థాన్ని మాత్రం 2023లో మా బంధువుల ఇంట చూడవలసి వచ్చింది. హెపటైటిస్-బి వలన మా ఖాలాజాన్ భర్తకు కాలేయం గట్టిపడిపోగా, పెద్ద కుమారుడు తన కాలేయంలో సగానికి పైగా కోయించి తండ్రికి ఇచ్చాడు. తునకే తునకను ఇవ్వగలదని ఆ పలుకుబడి కల్పించినవారు ఊహించి ఉండరు.

అప్పుడు ఖాలాజాన్ మమ్మల్ని ఒక ప్రశ్న వేశారు. “బేటా, కోసిన కాలేయం మళ్లీ పెరుగుతుందన్నారు, సరే. పెరిగేది ఆగకపోతే? ఆగమని దానికి ఎవరు చెబుతారు?”

మా పరీక్షా పత్రాలలో ఇంత మంచి ప్రశ్న మేము చూడలేదు. ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు తొలగించినా రెండు వారాలలోగా పూర్వపు బరువుకు వస్తుందని హిగిన్స్, ఆండర్సన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు 1931లోనే చూపారు. కోసిన భాగం మొలవదు, మిగిలిన భాగమే విస్తరిస్తుంది. అయితే కణం తనంత తానుగా విభజన చెందదు. బయటి నుండి ఒక ప్రోటీను వచ్చి కణత్వచంపై గల గ్రాహకాన్ని తాకుతుంది. ఆ వార్త ఒక ప్రోటీను నుండి మరొకదానికి చేతులు మారుతూ కేంద్రకాన్ని చేరి జన్యువులను మేల్కొలుపుతుంది. దీనినే సంకేత మార్గం అంటారు.

ఆగమని చెప్పే మార్గాలలో ఒకటి మొదట ఈగలలో బయటపడింది. ఒక జన్యువు చెడిన ఈగల తలలు మితిమీరి పెరిగి ముడతలు పడగా, పరిశోధకులు నీటిగుర్రాన్ని తలచుకొని దానికి ‘హిప్పో’ అని పేరు పెట్టారు. శాస్త్రజ్ఞులకు హాస్యం ఉండదనడం అబద్ధం. హిప్పో పని చేస్తున్నంత కాలం ‘యాప్’ అనే ప్రోటీను కేంద్రకం వెలుపలే నిలిచిపోతుంది. ఆ అడ్డు తొలగితే లోపలికి పోయి పెరుగుదల జన్యువులను నడిపిస్తుంది. 2007లో ఎలుకల కాలేయాలలో యాప్‌ను అధికంగా పుట్టించి చూశారు. మామూలుగా శరీరపు బరువులో నూటికి 5 వంతులుండే కాలేయం 25 వంతుల దాకా పెరిగింది. యాప్‌ను ఆపగానే తిరిగి తగ్గింది. ఆపకుండా విడిచినచోట కాన్సరు గడ్డలు లేచాయి. ఖాలాజాన్ భయం నిరాధారం కాదన్నమాట. ఆమె కుమారుని విషయంలో ఆ అడ్డు చక్కగా పనిచేసింది. మూడు మాసాల తరువాత తీసిన స్కాన్‌లో అతని కాలేయం దాదాపు పూర్వపు పరిమాణానికి వచ్చి నిలిచింది.

ఆ కుమారుని కాలేయాన్ని పెంచినవి మూలకణాలు కావు, సాధారణ కాలేయ కణాలే. అవి అలసిపోయి విభజన మానుకున్నప్పుడు, పిత్తనాళికల వద్ద దాగిన కణాలు ముందుకు వస్తాయి. తండ్రిగారి కాలేయం వంటి జబ్బు కాలేయంలో కనిపించేవి ఇవే. ఎలుకలలో వీటిని చూసి ఫార్బర్ 1956లో ‘అండాకార కణాలు’ అన్నాడు. ఇవి ఏమి కావాలో ఇరుగుపొరుగు నిర్ణయిస్తుంది. ‘నాచ్’ సంకేతం అందితే పిత్తనాళిక కణాలవుతాయి, ‘వింట్’ అందితే కాలేయ కణాలవుతాయి. చనిపోయిన కాలేయ కణాల శిథిలాలను తిన్న భక్షక కణాలే వింట్‌ను పంపుతాయని 2012లో ఎడింబరో పరిశోధకులు ఎలుకలలో కనుగొన్నారు. ఎంత ముచ్చటైన ఏర్పాటు! అయితే ఇదే వింట్ మార్గం అదుపు తప్పిన కాలేయ కాన్సరులు అనేకం ఉన్నాయి. ఆరోగ్యవంతమైన కాలేయాన్ని నిత్యం పోషించే కణాలు ఎక్కడున్నాయనే తగవు కూడా తీరలేదు. నడిమి సిర చుట్టూ ఉన్నాయని 2015లో స్టాన్‌ఫర్డ్ వారు అన్నారు. నడిమి మండలంలోని కణాలే ఎక్కువ పని చేస్తాయని 2021లో వచ్చిన పరిశోధనలు చెప్పాయి.

మన హైదరాబాదులోనూ ఈ దిశగా కృషి జరిగింది. హఠాత్తుగా కాలేయం విఫలమైన రోగులకు పిండ దశలోని కాలేయ కణాలను ఎక్కించిన ఫలితాలను డాక్టర్ సి.ఎం. హబీబుల్లా బృందం 1994లో ప్రచురించింది. అది పత్రికలో అచ్చయి, నలుగురి పరీక్షకు నిలిచిన పని. బజారులో అమ్మే మూలకణాల సూది సంగతి వేరు.

మా వీధిలోని ఒక కుటుంబం అటువంటి సూది కోసం ఇంటి స్థలాన్ని బేరం పెట్టింది. వారి వెంట మేము ఆ కేంద్రానికి వెళ్లాము. ఎక్కించే కణాలకు పెరగమని చెప్పే సంకేతమేది, ఆగమని చెప్పేదేది, ఎంతమందికి ఎక్కించారు, వారిలో ఎందరు తేరుకున్నారు అని వినయంగానే అడిగాము. అక్కడి ఉద్యోగి సమాధానంగా రశీదు పుస్తకం తెరిచాడు. ఆ ఇంటివారు స్థలం బేరం మానుకొని, కాలేయ మార్పిడి కోసం జీవన్‌దాన్ జాబితాలో పేరు నమోదు చేయించారు.