చక్రాల మీద సంసారం

పిల్లలు అమెరికాలో స్థిరపడ్డ తెలుగు తండ్రికి ఉద్యోగం అయిపోయాక ఏడాదిలో రెండే రుతువులు మిగులుతాయి. ఒకటి ఇక్కడుండే రుతువు, రెండోది పిల్లల దగ్గరుండే రుతువు. విమానాశ్రయంలో ముద్ర వేసి ఇచ్చే గడువు సాధారణంగా ఆరు నెలలు. అది తీరగానే ఎగిరి రావలసిందే. అంచేత మేమూ వలసపక్షులమే. కాని అసలు సిసలు వలసపక్షుల్ని చూడడం మాత్రం నాకు 2019 జనవరిలోనే తటస్థపడింది.

మా పెద్దవాడు ఫీనిక్స్‌లో ఉంటాడు. ఒక శనివారం పొద్దున్నే "నాన్నా, ఎడారిలో ఓ తమాషా ఊరుంది, చూసొద్దాం పదండి" అన్నాడు. పులిహోర కట్టుకోనిదే మా ఆవిడ గడప దాటదు. అది కలిపేసరికి తొమ్మిదయింది. అక్కణ్ణించి పడమటికి 130 మైళ్ళు, రెండు గంటల ప్రయాణం. దారి పొడుగునా రాళ్ళ గుట్టలూ, చేతులెత్తి దండం పెడుతున్నట్టుండే సగువారో జెముడు చెట్లూ తప్ప మరేమీ లేవు. "దీనికోసమా ఇంత దూరం" అని మా ఆవిడ సణుగుతూండగానే క్వార్ట్‌జ్‌సైట్ వచ్చింది.

ఊరు అంటే ఊరు కాదు, తిరునాళ్ళు! అక్కడ కాపురముండే జనం నాలుగు వేలైనా ఉండరు. చలికాలంలో వచ్చిపోయేవాళ్ళు మాత్రం లక్షల్లో ఉంటారు. వాళ్ళంతా వచ్చేది ఇళ్ళతో సహా. బస్సంత మోటారు ఇళ్ళూ, లారీ వెనక తగిలించి లాక్కొచ్చే ఇళ్ళూ, వ్యాన్లూ కనుచూపు మేర ఎడారిలో చెదిరి ఉన్నాయి. వాటిని ఆర్వీలంటారు. ఉత్తరాది మంచుకు తాళలేక దిగివచ్చే ఆ మనుషులకు 'మంచు పక్షులు' అని ముద్దుపేరు. కెనడావాళ్ళూ చాలామందే ఉన్నారు. వాళ్ళకీ మనలాగే మామూలుగా ఆరు నెలలే గడువట! ప్రాణం కాస్త తెరిపిన పడింది.

ముందు శ్మశానంలో ఒక సమాధి చూశాం. రాళ్ళతో కట్టిన చిన్న పిరమిడ్, దాని నెత్తిన రేకు ఒంటె. 1850ల్లో అమెరికా సైన్యం ఎడారి మోతలకని ఒంటెల్ని ఓడల మీద తెప్పించింది. వాటిని తోలడానికి వచ్చినవాడు హాజీ అలీ. ఆ పేరు నోరు తిరగక అక్కడివాళ్ళు 'హై జాలీ' చేశారు. 1902లో ఈ ఊళ్ళోనే పోయాడు. 1935లో రాష్ట్ర రహదారుల శాఖవారు ఈ గుర్తు కట్టించారు. దూరదేశం నుంచి వచ్చి, పేరు మార్చుకుని, ఎడారిలో తిరిగి తిరిగి ఇక్కడ ఆగినవాడు! ఈ ఊరికి తగిన గ్రామదేవతే అనిపించింది.

ఊరికి దక్షిణాన లా పోసా అనే ప్రభుత్వ భూమి ఉంది. మామూలు ప్రభుత్వ భూముల్లో పద్నాలుగు రోజులు కాగానే బండి కదిలించాలి. ఇక్కడ మాత్రం సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండవచ్చు. ఏడు నెలలకూ కలిపి ఆ ఏడాది రుసుము 180 డాలర్లు. మన లెక్కకి పన్నెండున్నర వేల పైచిలుకు. కరెంటు తీగ రాదు, కుళాయి గుమ్మంలోకి రాదు. నీళ్ళు ఒకచోట పట్టుకోవాలి, మురుగు మరోచోట వదులుకోవాలి. మిగతాదంతా మీరూ, ఆకాశమూ.

అక్కడ ఒక బండి ముందు మడత కుర్చీల్లో కూచున్న దంపతులు మమ్మల్ని పలకరించారు. పులిహోర వాసన పనిచేసిందేమో! ఆయనకు 59, ఆవిడకు 57. మిన్నెసోటాలో అచ్చుయంత్రాలు బాగుచేసే పని చేసి, నాలుగేళ్ళ కిందట మానేశాడు. ఇల్లు అమ్మేసి ఈ ముప్ఫై అడుగుల బండి కొన్నారు. లోపలికి తీసుకెళ్ళి చూపించారు. మంచం, పొయ్యి, ఫ్రిజ్జు, చేతులు చాపితే రెండు గోడలూ తగిలే స్నానాల గది. పైకప్పు మీది సూర్యపలకలు బ్యాటరీలు నింపుతాయి. తొట్టిలో పట్టేది 60 గ్యాలన్లు, అంటే 225 లీటర్ల పైమాట. ఇద్దరికీ పది రోజులు రావాలి. మా ఆవిడ నావైపు చూసింది. ఆ నీళ్ళు నాకు ఒక్కపూట స్నానానికి!

వేసవిలో ఉత్తరాదికి పోయి ఒక విడిదిలో కావలి కాస్తారు. జీతానికి బదులు చోటు ఉచితం. అక్టోబరులో చక్కెర దుంపల కోత పనికి కుదురుతారు. చలి మొదలవగానే ఇటు దిగుతారు. ఉత్తరాలన్నీ టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్‌కు చేరతాయి. 1978లో జో, కే పీటర్సన్ దంపతులు స్థాపించిన ఎస్కేపీస్ అనే సంచారుల సంఘం అక్కడుంది. వాళ్ళు టపా పోగుచేసి, ఎక్కడుంటే అక్కడికి పంపుతారు.

అంతా వినడానికి బాగానే ఉంది. కాని లెక్కల్లో చిక్కుంది. వాళ్ళ సోషల్ సెక్యూరిటీ పింఛను 62 ఏళ్ళకే అందుకోవచ్చు గాని, కోసి ఇస్తారు. ఆ కోత జన్మంతా ఉంటుంది. ప్రభుత్వ వైద్య బీమా మామూలుగా 65 దాకా రాదు. అందాకా బీమా సొంతంగా కొనుక్కోవాలి. "మా ఇంటి డబ్బులో చాలా భాగం దానికే పోతోంది" అన్నాడాయన, దాపరికం లేకుండా.

అంతవరకు మౌనంగా ఉన్న మా ఆవిడ కోడలితో, "ఆయనకు సుస్తీ చేస్తే ఈ బండి ఎవరు తోలుతారో అడుగమ్మా" అంది. నాకు చిరాకు వేసింది. కాని ఆ ఇల్లాలు చటుక్కున మా ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"రెండేళ్ళ కిందట దారిలో ఈయనకు గుండెల్లో నొప్పి వచ్చింది. ఆస్పత్రి పదిహేను మైళ్ళు. నాకు ఈ బండి తోలడం రాదు. రోడ్డు పక్కన నిలబడి, అంబులెన్సు కోసం నలభై నిమిషాలు చూశాను. దేవుడు చల్లగా చూశాడు. మర్నెల్లోనే ఈ ఎడారిలో తోలడం నేర్చుకున్నాను. డబ్బాలు వరసగా పెట్టి, వాటి మధ్య వెనక్కి నడపడం కూడా. ఇప్పుడు వారంలో మూడు రోజులు నేనే తోలుతాను. మందుల జాబితా, బ్యాంకు కాగితాలు ఇద్దరికీ తెలిసిన సొరుగులో ఉంటాయి."

కోడలు తెలుగులో చెబుతూంటే మా ఆవిడ వింటూనే ఉంది. ఒక్క మాటైనా అనలేదు. మిగిలిన పులిహోర గిన్నెతో సహా ఆవిడకు ఇచ్చేసింది.

పొద్దు వాలగానే ఎడారి చల్లబడింది. నెగళ్ళు ఒక్కొక్కటే వెలిగాయి. తిరుగు ప్రయాణంలో మావాడు మెల్లిగా పాత మాట కదిపాడు. కాకినాడలో ఇల్లు అమ్మేస్తే మాకు నిశ్చింత, ఏడాదికి ఆరు నెలలు తాళం వేసి ఉండే ఇల్లెందుకు అని. నేను ఏదో అనబోయాను.

"ఇల్లు సంగతి తరవాత" అంది మా ఆవిడ వెనక సీట్లోంచి. "ఏమండీ, ముప్ఫై ఎనిమిదేళ్ళయింది. మన డబ్బు ఏ బ్యాంకులో ఉందో నాకు తెలీదు. బీరువా తాళం మీ మొలతాడుకే ఉంటుంది. ముందు నాకు చెక్కు రాయడం నేర్పండి."

కారులో ఎవరూ మాట్లాడలేదు. ఆవిడకు కష్టం కలగకూడదనే ఇన్నాళ్ళూ అన్నీ నేనే చూసుకున్నాననుకున్నాను. రోడ్డు పక్కన నలభై నిమిషాలు నిలబెట్టే ఏర్పాటు చేశానని తోచలేదు.

ఏప్రిల్‌లో కాకినాడ వచ్చిన మూడో రోజున ఇద్దరం బ్యాంకుకు వెళ్ళాం. ఖాతాలో ఆవిడ పేరు కూడా చేర్పించి, తెలుగులో సంతకం చేయించాను. మొదటి చెక్కు అయిదు వందలకు రాసింది. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, అందులోంచి వంద నా చేతిలో పెట్టి, "ఖర్చులకు ఉంచుకోండి" అంది.

ఇల్లు అమ్మలేదు. బీరువాకు మాత్రం రెండో తాళంచెవి చేయించాను.